ఏ గిన్నెకి ఏ బర్నర్, ఏ పనికి ఎంత మంట

“కింద మాడుతోంది, పైన ఉడకట్లేదు, ఏం చేయమంటారు?” నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. కొంచెం అటూ ఇటూగా ఇంకోటి: “సిమ్‌లోనే పెట్టానండీ, అయినా అడుగంటింది.” అడిగినవాళ్ళలో గిన్నె మార్చినవాళ్ళున్నారు, నూనె పెంచినవాళ్ళున్నారు, ఏకంగా స్టవ్వే మార్చేసినవాళ్ళూ ఉన్నారు. నేను తిరిగి అడిగేది మాత్రం ఒకటే: గిన్నె ఏ బర్నర్ మీద ఉంది, మంట అడుగు దాటి పక్కలకి పాకుతోందా? చాలామంది దగ్గర జవాబుండదు. వంట చేసేటప్పుడు గిన్నెలోకి తొంగి చూస్తాం గానీ, వంగి గిన్నె కింద ఏం జరుగుతోందో చూసే అలవాటు ఎవరికీ ఉండదు కదా.

బర్నర్‌ని గిన్నె అడుగు చూసి ఎంచుకోవాలి, మంటని గిన్నెలో జరుగుతున్నది చూసి పెట్టాలి. నాబ్ మీద ఉన్న గుర్తులని నమ్ముకుంటే కుదరదు, ఎందుకంటే పెద్ద బర్నర్‌ని సగానికి తగ్గించినా చిన్న బర్నర్ ఫుల్ మంట కంటే ఎక్కువ వేడే ఇస్తుంది. “మీడియం మంట మీద పది నిమిషాలు” అని ఎవరైనా రాస్తే అది వాళ్ళ బర్నర్‌కి మీడియం, మీ బర్నర్‌కి కాదు. ముందు గ్యాస్ స్టవ్ గురించి చెప్తాను, కరెంటు స్టవ్, ఇండక్షన్ వాడేవాళ్ళకి చివర్లో విడిగా రాశాను.

కావాల్సినవి

ఒక స్కేలు లేదా టేపు, రోజూ వాడే గిన్నెలు రెండు మూడు (మూతలతో సహా), లీటరు కొలిచే పాత్ర, ఫోన్‌లో స్టాప్‌వాచ్. బర్నర్ శుభ్రం చేయడానికి సన్నని సూది, పాత టూత్ బ్రష్. ఉంటే మంచిది అనదగ్గది ఒకటుంది: మందపాటి పాత ఇనప పెనం. దాని పని 6వ మెట్టులో వస్తుంది.

1. మీ స్టవ్‌లో ఏ బర్నర్ ఎంతో తెలుసుకోండి

స్టవ్‌తో వచ్చిన పుస్తకంలోనో, స్టవ్ అడుగున అతికించిన లేబుల్ మీదో ఒక్కో బర్నర్ సామర్థ్యం కిలోవాట్లలో ఉంటుంది. సాధారణంగా చిన్నది 1 కిలోవాట్ దగ్గర, మధ్యది 1.75 దగ్గర, పెద్దది 3 దగ్గర ఉంటాయి. లోపల ఒకటి బయట ఒకటి రెండు మూడు వలయాలుగా మండే బర్నర్ అయితే 3.5 నుంచి 5 వరకు పోతుంది.

పుస్తకం పారేశారా, లేబుల్ చెరిగిపోయిందా, ఫర్వాలేదు. గది వేడిలో ఉన్న నీళ్ళు సరిగ్గా ఒక లీటరు గిన్నెలో పోసి, మూతపెట్టి, ఫుల్ మంట మీద పెట్టి టైమ్ చూడండి. 3 కిలోవాట్ల బర్నర్ మీద 4, 5 నిమిషాల్లో తెర్లుతాయి, మధ్య బర్నర్ మీద దాదాపు 7, చిన్నదాని మీద 12 నిమిషాలకి దగ్గరగా పడుతుంది. గ్యాస్ ఇచ్చే వేడంతా గిన్నెలోకి వెళ్ళదు, చాలా భాగం చుట్టూ గాలిలోకి పోతుంది, ఈ అంకెల్లో అదంతా కలిసే ఉంది. గిన్నెని బట్టి ఒక నిమిషం అటూ ఇటూ అయితే కంగారు పడొద్దు. కానీ పెద్ద బర్నర్ మీద లీటరు నీళ్ళకి 9, 10 నిమిషాలు పడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయి ఉండొచ్చు, గ్యాస్ సరిగా రాకపోయి ఉండొచ్చు, లేదా గిన్నె అడుగు మరీ చిన్నదై ఉండొచ్చు.

ప్రతి బర్నర్‌కీ ఒక్కసారి చేసి, వచ్చిన నిమిషాలు కాగితం మీద రాసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్ళీ చేసి చూస్తే బర్నర్ మందగించిందో లేదో ఇట్టే తెలిసిపోతుంది.

2. మంట రంగు చూడండి

రాత్రి లైటు ఆపేసి, గిన్నె పెట్టకుండా బర్నర్ వెలిగించి చూడండి. పగటి వెలుతురులో మంట సగం కనపడదు. బాగున్న మంట నీలంగా, నిలకడగా, చుట్టూ ఒకే ఎత్తులో ఉంటుంది. దగ్గరగా చూస్తే ఒక్కో రంధ్రం దగ్గర లోపల ముదురు నీలం మొన ఒకటి, దాని చుట్టూ పల్చటి నీలం పొర ఒకటి కనిపిస్తాయి. ఆ లోపలి మొనలో గ్యాస్ ఇంకా పూర్తిగా మండి ఉండదు, అసలు వేడి దాని కొసకి కాస్త పైన ఉంటుంది. గిన్నె అడుగు తగలాల్సింది అక్కడే.

మంట పసుపుగా, మెత్తగా ఊగుతూ ఉంటే గాలి చాలట్లేదని అర్థం. గిన్నె అడుగున నల్లటి మసి పట్టడం కూడా దీనికే గుర్తు. మసిని తోమి తోమి చేతులు నొప్పి పుట్టించుకునే బదులు బర్నర్‌ని చూడండి. కడిగాక తడి ఆరకుండా పెట్టారా, బర్నర్ మూత గాడిలో సరిగా కూర్చుందా, రంధ్రాల్లో పొంగిన పాలు ఎండిపోయి ఉన్నాయా, బర్నర్ గొట్టం లోపల సాలీడు గూడు పెట్టిందా (ఇది నిజంగా జరుగుతుంది, కొన్నాళ్ళు వాడకుండా ఉంచిన స్టవ్‌లలో మరీను). అక్కడక్కడ నారింజ రంగు మెరుపులు వచ్చి పోతుంటే మాత్రం భయం లేదు. గాల్లో దుమ్ము, ఉప్పు కలిసిన నీళ్ళ తుంపర తగిలినా అలా వస్తాయి.

మంట బర్నర్‌ని వదిలి పైకి లేచి బుస్సుమంటున్నా, ఆపేటప్పుడు టప్‌మని లోపల పేలుతున్నా గాలి, గ్యాస్ పాళ్ళు తప్పినట్టు. ముందు శుభ్రం చేసి చూడండి, తగ్గకపోతే మెకానిక్‌ని పిలవండి.

శుభ్రం చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. రంధ్రాల్లో అగ్గిపుల్ల, టూత్‌పిక్ పెట్టకండి, విరిగి లోపల ఉండిపోతాయి. సూదితో కెలికేటప్పుడు రంధ్రం పెద్దది కాకూడదు. ఇంకోటి, సిలిండర్ గ్యాస్‌కి వాడే జెట్ (బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే చిన్న ముక్క) రంధ్రం పైపు గ్యాస్‌కి వాడే జెట్ కంటే చిన్నది, ఎందుకంటే ఒకే ఘనపరిమాణంలో సిలిండర్ గ్యాస్‌లో రెండు రెట్లకి పైగా వేడి ఉంటుంది. సిలిండర్ నుంచి పైపు గ్యాస్‌కి, లేదా అటునుంచి ఇటు మారినప్పుడు జెట్‌లు మార్చకుండా వాడితే ఒకచోట గుడ్డి మంట, ఇంకోచోట మసి కక్కే భారీ మంట వస్తాయి. రెండోది ప్రమాదం కూడా. ఈ పని సొంతంగా చేసుకునేది కాదు, తెలిసినవాళ్ళ చేత చేయించండి.

3. గిన్నె అడుగు కొలవండి, పైభాగం కాదు

గిన్నెని బోర్లించి అడుగున చదునుగా ఉన్నంతమేర కొలవండి. పైన 24 సెంటీమీటర్లు వెడల్పున్న గిన్నెకి అడుగు 16 మాత్రమే ఉండొచ్చు, బర్నర్‌కి కావాల్సింది ఆ 16. అడుగు 12 నుంచి 16 సెంటీమీటర్లు అయితే చిన్న బర్నర్, 16 నుంచి 22 వరకు మధ్యది, 22 దాటితే పెద్దది. ఇవి ఉజ్జాయింపు అంకెలు, అసలు పరీక్ష కళ్ళతో చేసేదే: గిన్నె పెట్టి వంగి చూడండి, మంట కొసలు అడుగుని తాకి, గిన్నె అంచుకి వేలెడు లోపలే ఆగిపోవాలి. పక్కల నుంచి పైకి నాలుకల్లా వస్తుంటే అది ఎక్కువ. తగ్గించండి, తగ్గించినా వస్తుంటే బర్నర్ మార్చండి.

పక్కలకి పాకే మంటతో గ్యాస్ వృథా అవుతుందనేది చిన్న సంగతి. గిన్నె గోడలు లోపలి పదార్థం కంటే వేడెక్కి, అంచున చుట్టూ గోధుమరంగు చార కడుతుంది, అది ఊడి లోపల కలిస్తే మాడు రుచి మొత్తానికీ పడుతుంది. పిడి సంగతి సరేసరి. ఒకసారి తొందరలో చిన్న పాలగిన్నెని పెద్ద బర్నర్ మీద పెట్టేశాను. పాలు కాగకముందే కమురు వాసన వచ్చింది. దించుదామని పట్టుకుంటే ప్లాస్టిక్ పిడి మెత్తబడిపోయి చేతిలోనే తిరిగింది, సగం పాలు మణికట్టు మీద పడ్డాయి. చాలా రోజులు బాధపడ్డాను. అప్పటి నుంచి చిన్న గిన్నె పెద్ద బర్నర్ మీద కనిపిస్తే, ఎవరింట్లో ఉన్నా సరే, చెప్పకుండా ఉండలేను. (ఎవరికైనా అలా కాలితే వెంటనే పారే చల్లటి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి. ఐస్ వద్దు, వెన్న వద్దు, టూత్‌పేస్ట్ వద్దు.)

చిన్న బర్నర్ మీద వెడల్పాటి పెనం పెట్టినా తప్పే. నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. ఇది ఎంత ఇబ్బంది పెడుతుందనేది గిన్నె లోహాన్ని బట్టి ఉంటుంది. స్టీలు వేడిని పక్కకి పాకించడంలో చాలా మందకొడి, అల్యూమినియం దానికంటే దాదాపు 15 రెట్లు వేగంగా పాకిస్తుంది, రాగి ఇంకా వేగం. పల్చటి స్టీలు గిన్నెలో సరిగ్గా మంట వలయం ఆకారంలోనే మాడు చార కనిపించడానికి కారణం ఇదే. అడుగున అల్యూమినియం పొర ఉన్న స్టీలు గిన్నెలు వచ్చింది కూడా ఇందుకే. మీది పల్చటి స్టీలు అయితే మంట ఎప్పుడూ ఒక మెట్టు తక్కువగానే ఉంచండి.

గుండ్రటి అడుగున్న బాణలికి ఈ లెక్క కాస్త సడలించొచ్చు. దాంట్లో పక్కల మీద కూడా వేడి తగిలితేనే వేపుడు బాగా వస్తుంది. అయినా అంచు దాటి మంట పైకి రాకూడదు.

4. వెలిగించడం

గిన్నె, అందులో వేయాల్సింది, గరిటె, అన్నీ దగ్గర పెట్టుకున్నాకే వెలిగించండి. ముందు పొయ్యి వెలిగించి తర్వాత ఉల్లిపాయలు తరగడం మొదలుపెడితే, ఆ నాలుగు నిమిషాల్లో ఖాళీ పెనం ఎంత వేడెక్కుతుందో ఊహించలేరు. మరీ ముఖ్యంగా నాన్‌స్టిక్. దాని పూత 260 డిగ్రీల సెల్సియస్ దాటాక పాడవడం మొదలవుతుంది, ఇంకా వేడెక్కితే వచ్చే పొగ మనుషులకి మంచిది కాదు, ఇంట్లో పెంచుకునే పిట్టలైతే చనిపోతాయి కూడా. నాన్‌స్టిక్‌ని ఎప్పుడూ ఖాళీగా వేడిచేయకండి, దానికి ఫుల్ మంట వాడకండి.

చాలా స్టవ్‌లలో నాబ్ తిప్పగానే ముందు వచ్చేది ఫుల్ మంట, ఇంకా తిప్పుతూ పోతే చివర్లో సిమ్ వస్తుంది. ఆపేసే చోటుకీ ఫుల్‌కీ మధ్యలో, అంటే ఆఫ్‌కి దగ్గరగా తెచ్చి “తగ్గించాను” అనుకునేవాళ్ళుంటారు. అక్కడ మంట నిలకడగా ఉండదు, గాలికి ఆరిపోయి గ్యాస్ లీకవుతూ ఉండిపోవచ్చు. తగ్గించడం ఎప్పుడూ సిమ్ వైపు నుంచే. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటున్న స్టవ్ అయితే, వెలిగాక నాబ్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి, వెంటనే వదిలితే ఆరిపోతుంది. అది స్టవ్ లోపం కాదు.

5. మొదట్లో ఎంత మంట

నీళ్ళున్నవి, పల్చగా ఉన్నవి ఏవైనా (ఉడకబెట్టే కూరగాయలు, సూప్, అన్నం, గుడ్లు) మూతపెట్టి పెద్ద మంట మీద మొదలుపెట్టండి, త్వరగా మరుగుకి రానివ్వండి. ఇక్కడ సిమ్‌లో పెట్టి ఆదా చేస్తున్నామనుకోవడం పొరపాటు. ఎక్కువసేపు గాలిలోకి వేడి పోతూనే ఉంటుంది.

పాలు, చిక్కటి సాస్‌లు, పిండి కలిపినవి, చక్కెర పాకం, చాక్లెట్ లాంటివి మాత్రం మధ్యస్థంగానో అంతకంటే తక్కువగానో మొదలుపెట్టాలి. ఇవి అడుగున కదలవు కాబట్టి ఉన్నచోటే మాడతాయి. ఇనప పెనం, పోత ఇనుము, మట్టి పాత్ర, గాజు పాత్ర అయితే లోపల ఏముందన్నది కాదు, పాత్ర కోసమే సన్నని సెగతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఒక్కసారిగా పెద్ద మంట తగిలితే మట్టి, గాజు పగులుతాయి, ఇనుము నడుమ ఒకచోట మాత్రమే వేడెక్కుతుంది. మట్టి, గాజు పాత్రల మీద “పొయ్యి మీద వాడొచ్చు” అని లేకపోతే అసలు పెట్టొద్దు.

6. ఎప్పుడు తగ్గించాలి

నన్నడిగితే అసలు విద్యంతా ఇక్కడే ఉంది. వంటలో పాడయ్యేవాటిలో ఎక్కువ భాగం పెద్ద మంట పెట్టినందుకు పాడవవు, తగ్గించాల్సిన క్షణం దాటిపోయినందుకు పాడవుతాయి. ఆ క్షణాన్ని గిన్నె చెప్తుంది, చెవితో వినాలి.

నీళ్ళ చప్పుడు వినండి. పొయ్యి మీద పెట్టిన కాసేపటికి అడుగున చిన్న చిన్న బుడగలు అంటుకుంటాయి. తర్వాత హోరుమనే చప్పుడు మొదలై పెరుగుతూ పోతుంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైకొచ్చేలోపే పైన ఉన్న చల్లటి నీళ్ళలో నలిగి పగిలిపోవడం వల్ల వచ్చే చప్పుడది. నీళ్ళు నిజంగా మరగడం మొదలయ్యాక ఆ హోరు తగ్గి కళపెళమనే మెత్తటి చప్పుడులోకి దిగుతుంది. హోరు తగ్గిందంటే చేయి నాబ్ మీదకి పోవాలి. మరిగాక పెద్ద మంట వల్ల ఏమీ త్వరగా ఉడకదు: సముద్రమట్టం దగ్గర నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, మీరు ఎంత మంట పెట్టినా ఆ 100 దాటవు. మిగతా వేడంతా ఆవిరికే పోతుంది. లీటరు నీళ్ళని గది వేడి నుంచి మరుగుకి తేవడానికి పట్టే వేడికి 7 రెట్లు, ఆ లీటరుని పూర్తిగా ఆవిరి చేయడానికి కావాలి. అంటే మరిగాక కూడా ఫుల్‌లో ఉంచిన మంట మీ వంటని ఉడికించట్లేదు, నీళ్ళని ఇంట్లోకి పంపుతోంది. ఎత్తైన కొండ ప్రాంతాల్లో ఉండేవాళ్ళకి ప్రతి 300 మీటర్లకీ మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. అక్కడ ఉడకడం ఆలస్యమైతే మంట పెంచి లాభం లేదు, ఎక్కువసేపు ఉంచాలి లేదా కుక్కర్ వాడాలి.

ఉల్లిపాయల చప్పుడు కూడా ఇలాంటిదే. నూనెలో వేయగానే పెద్దగా చుయ్‌మంటాయి, అది వాటిలోని నీళ్ళు ఆవిరవుతున్న చప్పుడు. నీళ్ళు ఉన్నంతసేపూ ముక్క వేడి 100 దాటదు, రంగూ మారదు, కాబట్టి మంట మధ్యస్థంగా, కాస్త ఎక్కువగానే ఉన్నా ఫర్వాలేదు. కొన్ని నిమిషాలకి ఆ చుయ్‌మనేది సన్నబడి, చిటపటలుగా విడిపోతుంది. అంటే నీళ్ళు అయిపోయాయి, ఇక వేడి జర్రున పైకి పోతుంది, 140 డిగ్రీల దగ్గర నుంచి ఎర్రబడటం ఊపందుకుంటుంది. అప్పుడే మంట తగ్గించాలి. రంగు చూసి తగ్గిద్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం, ఎందుకంటే పెనంలో ఉన్న వేడి మంట తగ్గించాక కూడా నిమిషం రెండు నిమిషాలు పనిచేస్తూనే ఉంటుంది.

పాలు పొంగే ముందు అంచుల చుట్టూ చిన్న బుడగల గొలుసు కడతాయి, మీగడ తెర నడుమ ఉబ్బుతుంది. బుడగల గొలుసు కనిపించగానే సిమ్ చేయండి. పొంగు లేచాక తగ్గిస్తే ఆగదు, ఆపేసి గిన్నె ఎత్తాల్సిందే.

కుక్కర్‌కి మొదట పెద్ద మంట, ప్రెజర్ నిండి మొదటి విజిల్ రాగానే సన్నని సెగ. వెయిట్ ఎంత ఒత్తిడి వరకు ఆపుతుందో లోపల అంత వేడే ఉంటుంది, మామూలు కుక్కర్లలో అది 120 డిగ్రీల దగ్గర. విజిల్ మీద విజిల్ వేయించినా లోపల వేడి పెరగదు, నీళ్ళు తగ్గి అడుగు మాడుతుంది.

సన్నగా ఉడకాల్సిన వాటికి సరైన సెగ ఎలా ఉంటుందంటే, రెండు మూడు సెకన్లకొక బుడగ మెల్లగా పైకొచ్చి పగలాలి, తుకతుకలాడాలి. నీళ్ళు ఎగిరెగిరి పడకూడదు. కొన్ని స్టవ్‌లలో సిమ్ కూడా దీనికి ఎక్కువే. అలాంటప్పుడు వరుసగా ఇవి ప్రయత్నించండి: చిన్న బర్నర్‌కి మార్చండి, మూత కొంచెం ఓరగా పెట్టండి, అదీ చాలకపోతే గిన్నె కింద మందపాటి ఇనప పెనం పెట్టండి. పెనం వేడిని పరిచి నెమ్మదిగా అందిస్తుంది. సిమ్‌లో మంట మరీ చిన్నదై ఆరిపోతున్నా, మరీ పెద్దగా ఉన్నా నాబ్ కింద సర్దే చిన్న స్క్రూ ఉంటుంది, మెకానిక్ రెండు నిమిషాల్లో సరిచేస్తాడు.

7. నూనె పనులు

వేయించే ముందు పెనం వేడి చూడాలంటే, నూనె వేయకముందే, ఒక చుక్క నీళ్ళు చిలకరించండి (నాన్‌స్టిక్‌కి వద్దు). చుక్క అక్కడే బుసబుసమని ఆరిపోతే ఇంకా వేడి చాలదు. ముత్యంలా గుండ్రంగా మారి పెనమంతా జారుతూ తిరిగితే పెనం దాదాపు 200 డిగ్రీల దగ్గరుంది, స్టీలు పెనంలో అంటుకోకుండా వేయించాలంటే అప్పుడు నూనె వేయండి. తడి తుడిచాకే సుమా. గుడ్డు లాంటి సున్నితమైన వాటికి అంత వేడి వద్దు, వెన్న వేస్తే నురగ రావాలి గానీ నల్లబడకూడదు, అదే సరైన మంట.

బాగా నూనెలో వేయించడానికి 160 నుంచి 190 డిగ్రీలు చాలు. థర్మామీటర్ లేకపోతే చెక్క గరిటె కొస నూనెలో ముంచండి, చుట్టూ చిన్న బుడగలు చురుగ్గా లేస్తే సిద్ధం. చల్లటి ముక్కలు వేయగానే నూనె వేడి పడిపోతుంది కాబట్టి వేసేటప్పుడు ఒక్క మెట్టు పెంచి, బుడగలు మళ్ళీ చురుకవగానే తగ్గించండి. ఒకేసారి ఎక్కువ వేసి మంట పెంచడం చాలామంది చేసే తప్పు. నూనె వేడి లేవక ముక్కలు నూనె పీలుస్తాయి, తర్వాత ఒక్కసారిగా మాడతాయి.

నూనె నుంచి పొగ వస్తే స్టవ్ ఆపండి, గిన్నె కదపొద్దు. ఒకవేళ నూనె అంటుకుంటే చేయి అందేలా ఉంటే గ్యాస్ కట్టేయండి, లోహపు మూత పక్క నుంచి జరుపుతూ కప్పేయండి, చల్లారేదాకా తీయకండి. నీళ్ళు మాత్రం పోయకండి. నీళ్ళు నూనె కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరై మండుతున్న నూనెని గదంతా చిమ్ముతాయి. మంట మీ చేతిలో లేదనిపిస్తే అందరినీ తీసుకుని బయటికి వెళ్ళి ఫైర్ వాళ్ళకి ఫోన్ చేయండి.

కరెంటు స్టవ్, ఇండక్షన్ వాడేవాళ్ళకి

కరెంటు ప్లేటు, గాజు పలక కింద తీగ కాగే కరెంటు స్టవ్ మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతాయి. అందుకే “తగ్గించాల్సిన క్షణం” వీటిలో ఒకటి రెండు నిమిషాలు ముందే రావాలి. పొంగు వస్తే నాబ్ తిప్పి కూర్చుంటే లాభం లేదు, గిన్నెనే పక్కకి జరపండి. వంట అయ్యే ముందు కొన్ని నిమిషాలు ఆపేసినా మిగిలిన వేడి సరిపోతుంది. గిన్నె అడుగు చదునుగా ఉండటం వీటికి ప్రాణం. స్కేలు నిలువుగా అడుగుకి ఆనించి చూడండి, వెలుతురు కనిపిస్తే ఆ ఖాళీలో వేడి అందదు.

ఇండక్షన్‌కి అయస్కాంతం అడుగుకి గట్టిగా అంటుకోవాలి, మెల్లగా జారిపోతే ఆ గిన్నె సరిగా పనిచేయదు. గీసిన వలయం కంటే అడుగు మరీ చిన్నదైతే స్టవ్ గిన్నెని గుర్తించదు. దీంతో వేడి చాలా వేగంగా వస్తుంది, ఖాళీ పెనాన్ని పెద్ద నంబరు మీద పెడితే వంగిపోవచ్చు. మధ్య నంబరుతో మొదలుపెట్టండి. చిన్న నంబర్లలో చాలా ఇండక్షన్‌లు కాసేపు ఆన్ కాసేపు ఆఫ్ అవుతూ నడుస్తాయి, గిన్నెలో మరిగి ఆగి మళ్ళీ మరుగుతుంటే పాడైందని టెన్షన్ పడొద్దు. మందపాటి అడుగున్న గిన్నె పెడితే ఆ తేడా తెలియదు.

ఎక్కువమంది చేసే తప్పులు ఇంకొన్ని

ఒకే పెద్ద పాత్రని రెండు బర్నర్ల మీద కలిపి పెట్టడం, బర్నర్ల చుట్టూ శుభ్రంగా ఉంటుందని అల్యూమినియం రేకు పరచడం. రెండింటిలోనూ మంటకి గాలి అందే దారి మూసుకుపోతుంది, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. వంట చేసినంతసేపూ కిటికీ తీసి ఉంచండి లేదా చిమ్నీ వేయండి, గది వెచ్చబడటానికి స్టవ్ వెలిగించి ఉంచకండి.

మంట వేగంగా ఉండాలని ఫ్యాను నేరుగా స్టవ్ వైపు తిప్పడం ఇంకోటి. వేగం రాకపోగా సిమ్ మంట ఆరిపోతుంది.

గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ వేయొద్దు, ఉన్నది ఆపొద్దు కూడా. నాబ్‌లు, వీలైతే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి బయటికొచ్చి ఫోన్ చేయండి. గొట్టం మీద అనుమానముంటే సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తాయేమో చూడాలి, అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడొద్దు.

సరిగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

వంట అయ్యాక గిన్నె చల్లారనిచ్చి, కడగకముందే లోపల అడుగు చూడండి. వలయంలా మాడు ఉంటే మంట గిన్నె లోహానికి ఎక్కువైంది, మందం అడుగున్న గిన్నె గానీ తక్కువ మంట గానీ కావాలి. నడుమ మచ్చ మాత్రమే ఉంటే గిన్నెకి బర్నర్ చిన్నది. పైన అంచు చుట్టూ చార ఉంటే మంట పక్కలకి పాకింది. బయట అడుగున మసి ఉంటే 2వ మెట్టుకి వెళ్ళండి. దించిన మూడు నాలుగు నిమిషాల తర్వాత కూడా పిడిని పట్టుకోలేకపోతే బర్నర్ గిన్నెకి పెద్దది.

ఒక వారం ఇలా చూస్తే ఏ గిన్నె ఏ బర్నర్‌దో తేలిపోతుంది. నేనైతే మా ఇంట్లో సిమ్ సరిగ్గా కుదిరే చోట నాబ్ పక్కన నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెట్టాను, వంటింట్లోకి ఎవరు కొత్తగా వచ్చినా ముందు ఆ చుక్క చూపిస్తాను.